నీళ్ళు తాగిన ఎలుకలు

రోజు 0

ఈ డైరీ ఎందుకు రాస్తున్నానంటే, నేను నోటితో చెప్పేది లోతూరులో ఎవరూ వినిపించుకోవడం లేదు. కాగితం మీద ఉంటే కనీసం వినలేదని రుజువు ఉంటుంది.

నా పేరు కాశింబి. జంతుశాల చూసుకుంటాను. జంతుశాల అన్నది పెద్ద మాట. ఉన్నవి మందుల పరీక్షకు పెంచే నలభై ఎనిమిది ఎలుకలు. మగవి ఇరవై నాలుగు, ఆడవి ఇరవై నాలుగు. పైన, నేల మీద, యాభై ఆరు డిగ్రీల ఎండ తప్ప ఏమీ మిగల్లేదు. కింద నాలుగు సొరంగాల్లో తొమ్మిది వందల పన్నెండు మందిమి ఉన్నాం. ఐదేళ్ళుగా ఆ అంకె పెరగలేదు.

పొద్దున ఊరి మండలి పెద్ద మద్దిలేటి బుట్టెడు దుంపలు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు. వెనకాలే ఈరమ్మ అవ్వ. ఒకప్పుడు ఊరందరికీ కాన్పులు చేసిన మనిషి. ఇప్పుడు చేతిలో పని లేక గుహల వెనక గబ్బిలాల పెంట గుట్టల్లో మొలిచే దుంపలు తవ్వుకొస్తోంది. వాటినే గబ్బిలదుంపలు అంటారు.

"మా నాయన పొట్టేళ్ళకు పెడ్తాండె. గోరంత ముక్క. పెడితే అవి ఆగేవి కావు," అంది అవ్వ.

"విన్నావు గదా," అన్నాడు మద్దిలేటి. "డాక్టరమ్మ జంటలన్నిటినీ చూసింది. ఒంట్లో లోపం ల్యాదంట. దగ్గరికి పోవల్లంటేనే మనసు రాల్యాదంట. ఈ దుంప పనిచేస్తాదో ల్యాదో ఎలకల మీద చూసి చెప్పు. ఊరికి పంచుదాం."

"పనిచేస్తుందో లేదో ఒక్కటే చూస్తే సరిపోదన్నా. ప్రమాదమో కాదో కూడా చూడాలి. ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది."

"దుంపే గదా తల్లీ!"

గన్నేరు కూడా చెట్టేనని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన గన్నేరును చూసి ఇరవై ఏళ్ళయి ఉంటుంది.

రోజు 3

మందు పెట్టకముందు ఎలుకలు ఎలా ఉన్నాయో లెక్క తీశాను. ఒక్కో మగదాన్ని ఒక ఆడదానితో అరగంట వదిలి, ఎన్నిసార్లు మీదికి ఎక్కిందో గీతలు గీయడమే ఈ పని. ఇరవై నాలుగు మగవి, పన్నెండు గంటలు. సగటున ఒక్కసారి. కొన్ని అసలు కదల్లేదు. మూలకు పోయి పడుకున్నాయి, మన మనుషుల్లాగే.

నా సహాయకుడు లాలెప్ప గీతలు గీస్తూ నవ్వాడు. "పాపం, వీటికి గూడా మూడు షిఫ్టులేమో అక్కా."

లాలెప్పకు నలభై ఏళ్ళు. ఎలుకను పట్టుకుంటే అది కరవదు, అంత నెమ్మదైన చెయ్యి. అతనికీ అంకమ్మకీ పెళ్ళయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు.

నియమాల పుస్తకం ప్రకారం పరీక్ష ఎలుకల్ని ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనంలో, రోజుకు పన్నెండు గంటల చీకట్లో ఉంచాలి. మా సొరంగాల్లో ముప్పై మూడు డిగ్రీల ఉక్క. చీకటి ఎక్కడా లేదు. మేము తినేది గోడల మీద పెంచే నాచు. దానికి రాత్రీ పగలూ దీపాలు ఉండాలి. తొమ్మిదేళ్ళుగా లోతూరులో ఒక్క దీపం ఆరలేదు. మూడుసార్లు అర్జీ పెడితే, పాత విత్తనాల గది ఒకటి ఇచ్చారు. చల్లటి గది, తలుపు వేస్తే చీకటి. "ఎలకలకు రాజభోగం," అని మద్దిలేటి గొణిగాడు.

ఎలుకల్ని అక్కడికి మార్చి, ఆరేసి మగవాటి చొప్పున నాలుగు గుంపులు చేశాం. మొదటి గుంపుకు ఉత్త నీళ్ళు. మిగతా మూడింటికి దుంప సారం, కొంచెం, మధ్యస్థం, ఎక్కువ. ఎక్కువ గుంపులో ఎలుకకు రోజుకు గ్రాములో పదో వంతు.

మండలి అప్పుడే నాలుగు వందల గ్రాముల సారం తీయించి నా బీరువాలో పెట్టించింది. పరీక్ష పూర్తి కాకముందే పంచడానికి సరుకు సిద్ధం. దీన్నేమనాలో నాకు తెలియదు.

రోజు 7

ఈ రోజు లెక్క: నీళ్ళ గుంపు ఎనిమిది. కొంచెం గుంపు తొమ్మిది. మధ్యస్థం పదకొండు. ఎక్కువ గుంపు పదిహేను.

కాగితం మద్దిలేటికి ఇచ్చాను. ఆయన వేలు నేరుగా ఆఖరి వరస మీదికి పోయింది.

"ఒకటి నుంచి పదైదా! పనిచేసిందిరో!"

"అన్నా, మొదటి వరస కూడా చూడండి. ఉత్త నీళ్ళు తాగినవి కూడా ఒకటి నుంచి ఎనిమిదికి పోయాయి. దుంప ముట్టనివి."

"అవి పక్కోళ్ళను చూసి నేర్చుకున్యాయేమోలే."

వేరే వేరే గూళ్ళలో, మధ్య రేకు అడ్డం పెట్టి ఉన్నాయని చెప్పాను. అప్పటికే ఆయన వాకిలి దాటాడు. మధ్యాహ్నానికల్లా ఊరంతా పదిహేను అనే అంకె తిరుగుతోంది. నీళ్ళ దగ్గర, నాచు కోసే చోట, వంటశాలలో, అందరి నోటా పదిహేను. ఎనిమిది గురించి ఒక్కరు అడిగితే ఒట్టు.

రోజు 14

ఎక్కువ గుంపు పదిహేడుకు చేరింది. నీళ్ళ గుంపు తొమ్మిది.

కానీ ఎక్కువ గుంపు ఎలుకలు బరువు తగ్గాయి, పదో వంతు. నీళ్ళు మాత్రం మూడింతలు తాగుతున్నాయి. గూట్లో పరిచిన పొట్టు తెల్లారేసరికి తడిసి ముద్దవుతోంది. బొచ్చు నిగారింపు పోయింది. ఇది మంచి గుర్తు కాదు.

వెంటనే మండలికి తెలియజేయాలి. తెలియజేయడానికి ఒక యంత్రం ఉంది. మండలి వాకిట్లో పెట్టిన ఇనప పెట్టె. మీట నొక్కితే ప్రశ్న అడుగుతుంది, జవాబు నొక్కాలి. అది అడిగింది: "పనిచేసిందా? అవును, కాదు." ప్రమాదం ఉందా అన్న ప్రశ్న దాంట్లో లేదు. నేను ఏదీ నొక్కకుండా నిలబడితే, "మీ జవాబు అందలేదు, మళ్ళీ రండి" అంది. నాలుగుసార్లు పోయాను. నాలుగోసారి చెప్పు విసిరాను. "మీ జవాబు అందలేదు" అంది.

ఆ కోపంతోనే జంతుశాలకు వచ్చాను. లాలెప్ప గూళ్ళు కడుగుతున్నాడు.

"అక్కా, ఎలకకు ఇంత పెడ్తాండాం గదా. మనిషికైతే ఎంతయితాది?"

"నీ బరువెంత?"

"అరవై కిలోలు."

"ఎలుక కంటే రెండొందల నలభై రెట్లున్నావు. హెచ్చేసుకో పో, నన్ను విసిగించకు."

అతను తల ఊపి గూళ్ళు కడుక్కున్నాడు. నేను మండలికి ఉత్తరం రాసుకున్నాను. దానికి జవాబు రాలేదు.

రోజు 20

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున లాలెప్ప రాలేదు. ఎలుకలకు నేనే మందు కలుపుదామని సారం డబ్బా తీశాను. చేతికి తేలిగ్గా తగిలింది. తూచాను. ఇప్పటిదాకా ఎలుకలు తిన్నది ఇరవై గ్రాములు. మూడు వందల ఎనభై ఉండాలి. రెండు వందల ముప్పై ఆరు ఉంది.

నూట నలభై నాలుగు తక్కువ. మొదట దొంగతనమనుకున్నాను. మళ్ళీ తూచాను. నూట నలభై నాలుగు. ఆరుసార్లు ఇరవై నాలుగు. ఎలుకకు పెట్టే మందుకు రెండొందల నలభై రెట్లు ఎంత? ఇరవై నాలుగు గ్రాములు. ఎవరో ఆరు రోజులుగా, నేను చెప్పిన లెక్క తప్పకుండా, రోజుకు ఇరవై నాలుగు గ్రాములు తాగుతున్నారు.

ఆ లెక్క తప్పు. ఎలుక ఒంట్లో మందు త్వరగా కరిగి బయటికి పోతుంది, మనిషి ఒంట్లో నిలుస్తుంది. బరువుతో హెచ్చవేసిన దాన్ని ఆరుతో భాగించాలి. ఆ తర్వాత భద్రత కోసం పదితో భాగించాలి. ఇది నాకు నిద్రలో లేపినా తెలుసు. ఆ రోజు చెప్పడానికి నాకు ఓపిక లేదు.

మూడో సొరంగానికి పరిగెత్తాను. అంకమ్మ తలుపు తీసింది. లాలెప్ప చాప మీద ముడుచుకుని ఉన్నాడు. మొహం ఉబ్బింది.

"రెండ్రోజులాయె అక్కా, వాంతులు. నిన్నట్నుంచి ఒంటికి గూడా పోల్యా. అడిగితే ఎండ దెబ్బంటాడు. సొరంగంలో ఎండ యాడిది?"

"దుంప మందు తాగాడు అంకమ్మా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"నాకోసమా?" అంది. "నేనడిగింటినా? తొమ్మిదేండ్లలో ఒక్కనాడన్నా అడిగింటినా నిన్ను?"

ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని డాక్టరు తబిత దగ్గరికి చేర్చాం. రక్తం కడిగే మిషను ఊళ్ళో ఒక్కటే ఉంది, నీళ్ళ వడపోత గొట్టాలతో తబిత స్వయంగా కట్టుకున్నది. ఆమె లాలెప్ప కాళ్ళు నొక్కి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"కిడ్నీలు ఆగిపోయాయి. ఎందుకాగాయో తెలియకుండా నేను మందు పెట్టలేను. వాచి ఆగితే ఒక వైద్యం, ఏదైనా అడ్డుపడి ఆగితే ఇంకో వైద్యం. ఒకదానికి పెట్టేది ఇంకోదానికి పెడితే పోతాడు. మీ ఎలుకలు ఏం చెబుతున్నాయి?"

"కోసి చూస్తేగానీ తెలియదు. ఇరవై ఎనిమిదో రోజు దాకా కోయకూడదు. ముందే కోస్తే పరీక్ష చెల్లదు."

తబిత మిషను స్విచ్చు వేసి, సూది తీసుకుని లోపలికి పోయింది.

నేను జంతుశాలకు వచ్చి, ఎక్కువ గుంపులోంచి రెండు ఎలుకల్ని నిద్రపుచ్చి కోశాను. లాలెప్ప పట్టుకునేటట్టు పట్టుకోవడం నాకు చేతకాదు. రెండోది నా బొటనవేలు కరిచింది. కిడ్నీలు పాలిపోయి, రెండింతలు ఉబ్బి ఉన్నాయి. కత్తి పెడితే కిరకిరమంది. లోపల సన్నటి ఇసుక లాంటి పలుకులు.

"అడ్డుపడ్డాయి," అని తబితకు పరిగెత్తుకుంటూ పోయి చెప్పాను. ఆమె దానికి తగిన మందు పెట్టింది.

రోజు 22

లాలెప్పకు మూత్రం వచ్చింది. సగం గ్లాసు. తబిత ఆ గ్లాసును దీపానికి ఎత్తిపట్టి, బంగారమైనట్టు చూసుకుంది. బతుకుతాడు కానీ కిడ్నీలు మునుపటంత పనిచేయవని చెప్పింది. బరువులు ఎత్తకూడదు. వారానికోసారి మిషను తప్పదు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. "ఆ లెక్క తప్పు లాలెప్పా. తప్పు లెక్క చెప్పాను. విసుగులో చెప్పాను."

"నువ్వు కోపంగా ఉండావని తెల్సక్కా," అన్నాడు. గొంతు పీలగా ఉంది. "అయినా నువ్వు చెప్పిన లెక్క యాపొద్దూ తప్పల్యా గదా అనుకున్న్యా."

తిట్టినా బాగుండేది. అంకమ్మ గోడకు ఆనుకుని మా ఇద్దరి వంకా చూసింది. "ఇద్దరికీ బుద్ధి ల్యాదు," అంది.

రోజు 24

మండలి కూర్చుంది. కోసిన కిడ్నీలను గాజు పళ్ళెంలో పెట్టుకుని పోయాను. లెక్క తప్పు చెప్పింది నేనేనని ముందే చెప్పాను. వాళ్ళు అది రాసుకున్నారు. అది మాత్రం చాలా శ్రద్ధగా రాసుకున్నారు.

తర్వాత మద్దిలేటి అడిగాడు. "ఇరవై ఎనిమిది రోజులు కావల్లన్యావు. నువ్వే ఇరవైకి కోసినావు. అంటే పరీక్ష చెల్లదు. అవునా కాదా?"

"అవును. కానీ..."

"చెల్లనప్పుడు దుంప చెడ్డదని రుజువు గూడా ల్యానట్టే గదా?"

నా నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఇలాంటి తర్కం వినలేదు. పళ్ళెం ముందుకు తోశాను. ఒకాయన ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"లాలెప్ప శానా తాగినాడు. మనం కొంచెమే ఇస్తాం," అన్నాడు మద్దిలేటి.

"కొంచెం ఇచ్చిన ఎలుకలకూ నీళ్ళ ఎలుకలకూ తేడా లేదన్నా! తొమ్మిది, తొమ్మిది. కొంచెం ఇస్తే పనిచేయదు, ఎక్కువిస్తే చంపుతుంది. మరి నీళ్ళ ఎలుకలు ఒకటి నుంచి తొమ్మిదికి ఎందుకు పోయాయో ఒక్కసారి ఆలోచించండి."

"అయితే నీళ్ళు పనిచేస్తాయంటావా?"

నుదురు కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, చప్పుడు వినిపించేలా.

"గది, అన్నా! గది మార్చాను. చల్లగా ఉంది, పన్నెండు గంటలు చీకటి ఉంది. వాటిని ఎవరూ షిఫ్టుకు లేపడం లేదు. అవి నిద్రపోయాయి, లేచాయి, పక్కన ఎవరున్నారో చూసుకున్నాయి. అంతే. మనకు తొమ్మిదేళ్ళుగా చీకటి లేదు."

తర్వాత నాచు పంట చూసే ఆయన లేచి, రోజుకు ఆరు గంటలు దీపాలార్పితే పావు పంట పోతుందని లెక్క చెప్పాడు. ఆ లెక్క మాత్రం అందరికీ వెంటనే అర్థమైంది. ఇరవై ఎనిమిదో రోజు దుంప పంచాలని తీర్మానం చేశారు.

రోజు 28

జంతుశాల ముందు బల్ల వేసి, డబ్బా పెట్టుకుని, చెంచాతో మద్దిలేటి కూర్చున్నాడు. క్యూలో డెబ్బై జంటలు. అందరికంటే ముందు మద్దిలేటి కొడుకూ కోడలూ.

నేను బల్ల పక్కన నిలబడి అంకెలు చెప్పాను. వినలేదు. కిడ్నీల సంగతి చెప్పాను. "ఎలకవి గదమ్మా," అన్నారు. లాలెప్ప సంగతి చెప్పాను. "ఆయప్ప ఆశపోతు, డబ్బా ఎత్తి తాగినాడు," అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

"ఆశతో కాదు," అన్నాను. "నేను చెప్పినంతే తాగాడు. ఒక్క గ్రాము ఎక్కువ తాగలేదు. మీకు ఈ రోజు చెంచా కొలిచింది ఎవరు? ఎక్కడ నేర్చుకున్నారు? నేను ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉండి ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్ళాను."

నవ్వు ఆగింది గానీ క్యూ కదల్లేదు. ఐదేళ్ళుగా ఎదురుచూసిన వాళ్ళు. వాళ్ళమీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

అప్పుడు అంకమ్మ వచ్చింది, లాలెప్పను చక్రాల మంచం మీద తోసుకుంటూ. ఎవరినీ పలకరించలేదు. సూటిగా బల్ల దగ్గరికి తెచ్చి ఆపి, దుప్పటి మోకాళ్ళ దాకా తీసింది. కాళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ఆమె వేలితో నొక్కి తీసింది. గుంట పడింది. అది పూడలేదు.

"మద్దిలేటి మామా, ఈయప్ప గూడా నాకు బిడ్డ కావల్లనే తాగినాడు. నాకు బిడ్డకు బదులు ఈ మంచం వచ్చె. నీ కోడలికి పొయ్యి మామా, ముందు నీ కోడలికే పొయ్యి. మేం చూస్తాంటాం."

మద్దిలేటి చెంచా డబ్బాలో పెట్టాడు. తీశాడు. ఆ గుంట వైపే చూస్తున్నాడు. కోడలు చెయ్యి చాచి నిలబడి ఉంది. చివరికి ఆయన చెంచా కింద పెట్టి, డబ్బా మూత బిగించి, నా చేతికిచ్చాడు.

"పారబొయ్యి," అన్నాడు.

జనం తిట్టుకుంటూనే పోయారు. ఎక్కువగా నన్నే తిట్టారు. పోయారు, అది చాలు. కోడలు మాత్రం చాలాసేపు అక్కడే నిలబడింది. ఆమె చెయ్యి కిందికి దించడానికి మొగుడు పట్టుకోవాల్సి వచ్చింది.

రోజు 36

చీకటికి మండలి పూర్తిగా ఒప్పుకోలేదు. నాలుగో సొరంగంలో ఒక్కదాంట్లో, రోజుకు నాలుగు గంటలు, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా దీపాలార్పి చూస్తారట. అదీ మూడు నెలలే. ఫలితం ఏమవుతుందో నాకు తెలియదు. ఒక్క సొరంగం చాలదనీ, పోల్చి చూడటానికి దీపాలున్న సొరంగంలో కూడా లెక్కలు తీయాలనీ రాసిచ్చాను. మద్దిలేటి చదివి, "నీతో ఏగల్యాం," అంటూనే సంతకం పెట్టాడు.

ఎక్కువ గుంపు మగవాటితో కలిసిన ఆడ ఎలుకల్లో ఒక్కటీ చూలు కట్టలేదు. పదిహేడుసార్లు ఎక్కినా సున్నా. నీళ్ళ గుంపులో నాలుగు ఆడవి కట్టాయి. ఈ తెల్లవారుజామున మొదటిది ఈనింది. తొమ్మిది పిల్లలు.

లాలెప్ప పనిలోకి వచ్చాడు. నీళ్ళ క్యాను నేనే ఎత్తుతున్నాను. గీతలు అతను గీస్తున్నాడు. పిల్లల సంగతి ఎవరికీ చెప్పొద్దని చెప్పాను, తల్లి బెదురుతుందని. చెప్పాడు. తొమ్మిది గంటలకల్లా వాకిట్లో మళ్ళీ క్యూ.

నాకు ఒళ్ళు మండింది. మందు లేదని అరిచాను.

"మందుకు కాదమ్మా," అంది ముందున్నామె, కొంగు సర్దుకుంటూ. "పిల్లల్ని చూసి పోతాం."

ఊళ్ళో అందరికంటే చిన్నపిల్లకు ఐదేళ్ళు. అది గూటి మీదికి వంగి, ఇవి బతికే ఉన్నాయా అని అడిగింది. బొచ్చు లేదు, కళ్ళు తెరవలేదు, చిటికెన వేలంత కూడా లేవు. గులాబీ రంగు చర్మం కింద తాగిన పాలు తెల్లగా కనబడుతున్నాయి. మనుషులు ఒక్కొక్కరే వచ్చి, ఊపిరి బిగబట్టి చూసి పోతున్నారు. అంకమ్మ రెండుసార్లు క్యూలో వచ్చింది. ముట్టుకోవద్దు, దూరం, మాట్లాడొద్దు, పద పద, అని అరవై మందికి చెప్పి నా గొంతు పోయింది.

అరవై ఒకటో మనిషి ఈరమ్మ అవ్వ. చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. తడి ఇంకా ఆరలేదు. నన్ను అడగలేదు. నేను పక్కకు జరిగాను. ఆమె చెయ్యి గూట్లోకి పోయినా తల్లి ఎలుక అరవలేదు. ఒక పిల్లను రెండు వేళ్ళతో ఎత్తి, అరచేతిలో వెల్లకిలా పెట్టి, దీపం దగ్గరికి తెచ్చి, కళ్ళు చికిలించి చూసింది.

తర్వాత వాకిలి వైపు తిరిగి, బయట నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేట్టు గట్టిగా చెప్పింది.

"ఆడపిల్ల!"